తొంభై ఆరు టిక్కులు

“ఆ నోటుబుక్కు ఎక్కడుంది?”

సుబ్బారావు ఈ మాట అడగడం నాలుగోసారి. భానుమతి నాలుగోసారి కూడా జవాబు చెప్పలేదు. వంటింటి గట్టు ముందు నిలబడి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పాపం చిక్కుళ్ళు ఏ నేరమూ చెయ్యలేదు గాని, ఆ సాయంత్రం వాటికి మాత్రం శిక్ష తప్పలేదు.

“నిన్నే భానూ.”

“నాకు చెవుడేం లేదు. ముందు ఆ ఫోను సరిగ్గా పెట్టండి.”

ఆఫీసు నుంచి రాగానే సుబ్బారావు చేసిన మొదటి పని ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టడం. బూట్లు కూడా విప్పకుండా చేశాడు ఆ పని. పద్నాలుగేళ్ళుగా దోహాలో కాపురం ఉంటున్నాడు. మన్సూరాలోని ఈ ఫ్లాటుకి ఫోను వస్తుందేమోనని భయపడటం ఇదే మొదలు.

భయపడక ఏం చేస్తాడు? నిన్న సోమవారం ఖతర్‌లో మొట్టమొదటిసారిగా మునిసిపల్ కౌన్సిల్‌కి ఎన్నికలు జరిగాయి. ఇవాళ ఫలితాలు తెలిశాయి. సుబ్బారావు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్న కంపెనీ యజమాని, అతని వీసాకి స్పాన్సరు, పనివాళ్ళంతా అర్బాబ్ అని పిలిచే అబూ నాసర్ ఓడిపోయాడు. ఓడిపోవడం ఒక ఎత్తు, తొమ్మిది ఓట్లతో ఓడిపోవడం ఒక ఎత్తు. అదే స్థానానికి జకియా అనే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ కూడా నిలబడింది. ఆవిడకి వచ్చినవి ముప్ఫై ఒక్క ఓట్లే. కాని ఆవిడదీ అర్బాబ్‌దీ ఒకే తెగ. ఆ ముప్ఫై ఒకటీ తన వాళ్ళ ఇళ్ళల్లోంచి జారిపోయిన ఓట్లేనని అర్బాబ్ అనుకుంటున్నాడు.

ఆ జకియాకి మూడేళ్ళుగా ఇంగ్లీషు నేర్పుతున్నది భానుమతి.

ఇంగ్లీషు నేర్పి ఊరుకుంటే ఏ గొడవా లేకపోయేది. “మీ దేశంలో ఇవన్నీ ఎలా చేస్తారు?” అని జనవరిలో జకియా మాటవరసకి అడిగింది. అడిగింది ఎవర్ని? రేపల్లె మునిసిపాలిటీకి మూడుసార్లు నిలబడి ఒక్కసారి గెలిచిన వార్డు కౌన్సిలరు గారి కూతుర్ని. ఓటర్ల పేర్లు వీధులవారీగా రాసుకోవడం, గడప గడపా ఎక్కి దిగడం, మనకి వేస్తామన్న వాళ్ళకి టిక్కు, వెయ్యనన్న వాళ్ళకి ఇంటూ, నాన్చేవాళ్ళకి చుక్క పెట్టడం, పోలింగు రోజున ముసలివాళ్ళకి రిక్షా పంపడం, ఇవన్నీ భానుమతికి ఎక్కాల కంటే ముందే వచ్చు. ఓటు మొహం ఎరగని ఊళ్ళో ఆవిడ చదువు ఒక్కసారిగా అక్కరకొచ్చింది. రిక్షాల బదులు లాండ్‌క్రూయిజర్లు తిరిగాయి. మిగతాదంతా మక్కీకి మక్కీ రేపల్లె.

పేర్లూ టిక్కులూ అన్నీ ఒకే నోటుబుక్కులో ఉన్నాయి. తెలుగులో ఉన్నాయి.

“ఊరి పెళ్ళికి కుక్కల హడావిడి అని మా నాయనమ్మ అంటుండేది,” అన్నాడు సుబ్బారావు. “మనకి ఓటుందా ఇక్కడ? నీకు ఇల్లుందా, వాకిలుందా, ఈ దేశంలో ఒక వేపచెట్టుందా?”

“కుక్కనంటే అనండి, పడతాను. ఆవిడ అడిగింది, నాకు తెలిసింది చెప్పాను. అందులో తప్పేముందో చెప్పండి.”

“చెప్పడం వేరు. బుక్కు చేత్తో పుచ్చుకుని ఆడవాళ్ళ పోలింగు హాలు బయట కుర్చీ వేసుక్కూర్చోవడం వేరు. అర్బాబ్ తమ్ముడి కొడుకు చూశాడు. ‘మన ఇళ్ళల్లో ఎవరెవరు జకియాకి వేశారో ఆ ఇండియా మేడం నోటుబుక్కులో ఉంది’ అని వెళ్ళి చెప్పాడు. ఇవాళ ఆయన ఎన్నికల టెంటులో అంతమంది ముందు, ‘సుబ్బారావ్, నా ఉప్పు తిని నా ఇంటికే కన్నం వేశావు, రేపు నీ వీసా సంగతి చూస్తాను’ అన్నాడు.”

భానుమతి చిక్కుళ్ళు పక్కన పెట్టింది.

లోపలి గదిలోంచి ఇంద్రజ వచ్చి గుమ్మంలో నిలబడింది. పన్నెండో తరగతి బోర్డు పరీక్షలు నడుస్తున్నాయి. చేతిలో కెమిస్ట్రీ పుస్తకం, వేలు పెట్టిన పేజీ అలాగే ఉంది.

“వీసా రద్దయితే ఎన్ని రోజుల్లో వెళ్ళిపోవాలి నాన్నా?”

“నీకెందుకమ్మా ఇవన్నీ? నువ్వు చదువుకో.”

“ఎన్ని రోజులు?”

“ఏడు.”

“ఎల్లుండి కెమిస్ట్రీ. లెక్కలు వచ్చే వారం ఆఖర్న. హాల్‌టికెట్టు ఈ ఊరిది. ఇండియా వెళ్ళి రాస్తానంటే కూర్చోనివ్వరు.” ఇంద్రజ తల్లివైపు తిరిగింది. “ఓట్లు వాళ్ళవి. ఓడింది వాళ్ళు. ఏడాది పోయేది నాది.”

ఇంద్రజ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా వేస్తుందనుకున్నారు గాని, మెల్లిగానే వేసింది. భానుమతికి అదే ఎక్కువ బాధ అనిపించింది.

ఆవిడ బియ్యం డబ్బా మూత తీసి, అడుగునుంచి నోటుబుక్కు పైకి లాగింది.

“అర్బాబ్ భార్య పేరు ఇందులో ఉందా?” అన్నాడు సుబ్బారావు.

“ఉంది.”

“ఏం పెట్టావు?”

“టిక్కు.”

సుబ్బారావు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. “కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.”

“ఆగండి. ఇందులో తొంభై ఆరు టిక్కులున్నాయి. పెట్టెలో పడ్డవి ముప్ఫై ఒకటి. అంటే అరవై అయిదుగురు నా మొహం చూసి, ఖర్జూరాలూ గహ్వా కాఫీ ఇచ్చి, మొహమాటానికి ‘ఐవా’, అలాగే అన్నారు. లోపలికెళ్ళి మొగుడు చెప్పిన వాడికి వేశారు. మా నాన్న లెక్కలు కూడా ప్రతిసారీ ఇలాగే ఏడ్చేవి. అర్బాబ్ భార్య ముప్ఫై ఒకటిలో ఉందో అరవై అయిదులో ఉందో నాకేం తెలుసు? ఆవిడకీ దేవుడికీ తెలియాలి.”

“ఈ మాట అర్బాబ్‌తో చెప్పు, వింటాడు.”

“వినడు. అందుకే ఈ బుక్కు ఆయన చేతిలో పడకూడదు.”

అప్పుడే తలుపు గంట మోగింది. నోటుబుక్కు మళ్ళీ బియ్యంలోకి దిగింది.

వచ్చింది పోశన్న. జగిత్యాల దగ్గర పల్లెటూరు అతనిది. నలభై దాటిన మనిషి. డిసెంబరులో వచ్చి, కంపెనీ ఆఫీసులో చాయ్ పెట్టే పనిలో కుదురుకున్నాడు. నాలుగు అంతస్తులు ఎక్కి రావడంతో ఆయాసపడుతున్నాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

“సార్, మీ ఫోన్ కలుస్తలేదట. మేనేజర్ సాబ్ నన్ను తోలిండు. సల్లటి ముచ్చట సార్! అర్బాబ్ మాఫ్ జేసిండు.”

“ఏం చేశాడు?”

“మాఫ్ జేసిండు సార్. దఫ్తర్ల మాఫ్ అయ్యింది, వీసాకు గూడ మాఫ్ అయ్యింది. రెండు మాఫే. నేను చాయ్ ఇచ్చుకుంట ఆన్నే ఉన్న. అర్బాబ్ తన నోటితోనే అన్నడు, గది సుబ్బారావుకు జెప్పుమన్నడు.”

“అన్నప్పుడు మొహం ఎలా ఉంది?”

“ఎర్రగనే ఉండె. ఓడిపోయిన మనిషి గద సార్, నవ్వుతడా?”

ఇది సబబుగానే తోచింది సుబ్బారావుకి. అర్బాబ్ కోపం పాలపొంగు లాంటిదని ఆఫీసులో అందరూ అనుకునేదే. గుండెల మీంచి బండ దించినట్టయింది. ఫోను రిసీవరు తీసుకెళ్ళి దాని చోట పెట్టాడు. “ఇందూ, ఏం ఫర్వాలేదు, చదువుకో తల్లీ!” అని లోపలికి కేకేశాడు.

భానుమతి పోశన్నకి జంతికలూ టీ ఇచ్చి కూర్చోబెట్టింది.

“నువ్వు చల్లగా ఉండాలి పోశన్నా.”

“నేనేం జేసిన అమ్మా, చెప్పుమన్నది చెప్పిన. మీరు మంచోళ్ళు. మీ దిక్కోళ్ళ మాట నాకు సగమే తెలుస్తది గని, మీ ఇంట్ల కూసుంటె మా ఇంట్ల కూసున్నట్టే ఉంటది.”

పోశన్న వెళ్ళాక మొగుడూ పెళ్ళాం ఒక్క విషయంలో, ఆ రోజంతటికీ ఆ ఒక్క విషయంలో, ఏకమయ్యారు. అర్బాబ్ క్షమించినంత మాత్రాన నోటుబుక్కు ఇంట్లో ఉంచుకోవడం మంచిది కాదు. ఇవాళ చల్లబడ్డ మనిషి రేపు మళ్ళీ వేడెక్కడని ఏముంది?

వంటింట్లో ఎగ్జాస్టు ఫ్యాను వేసి, సింకులో ఒక్కొక్క కాగితమే కాల్చింది భానుమతి. మొదటి వీధి, రెండో వీధి, మసీదు వెనక ఇళ్ళు. కాలుతుంటే ఆవిడకి ఏడుపొచ్చింది. బీయస్సీ ప్యాసై, పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి, ఇది నేను చేశాను అని చెప్పుకోదగ్గ పని ఇదొక్కటే చేసింది. అది ఎవరికీ చెప్పుకోకూడని పని అయిపోయింది. నుసి కుళాయి కింద కడిగేసి, చిక్కుడుకాయ కూరకి పోపు పెట్టింది.

* * *

బుధవారం పొద్దున్న సుబ్బారావు మంచి చొక్కా వేసుకుని ఆఫీసుకి వెళ్ళాడు. ముందుగా అర్బాబ్ గదిలోకి వెళ్ళి, తొమ్మిది ఓట్లంటే ఓటమి కాదని, వచ్చేసారి గెలుపు ఖాయమని రెండు మంచి మాటలు చెబుదామనుకున్నాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు కూడా.

అర్బాబ్ ఆ మాటలకి సందు ఇవ్వలేదు. చెయ్యి చాచాడు.

“దఫ్తర్?”

“ఏ దఫ్తర్, అర్బాబ్?”

“నీ భార్య దఫ్తర్. పేర్లున్నది. తెచ్చావా?”

“మీరు నిన్న… క్షమించారని…”

“ఎవరు క్షమించారు? ఎవర్ని? దఫ్తర్ మాఫీ, వీసా మాఫీ అని కబురు పంపాను కదా!”

సుబ్బారావుకి అర్థమైంది. ఒక్క క్షణంలో మొత్తం అర్థమైంది. సరిగ్గా అప్పుడే పోశన్న చాయ్ పళ్ళెంతో లోపలికొచ్చి, సుబ్బారావుని చూసి సంతోషంగా తల ఊపాడు.

“బుక్కు లేదు అర్బాబ్,” అన్నాడు సుబ్బారావు. “నిన్న సాయంత్రం కాల్చేశాం.”

కేకలు వేస్తే బాగుండుననిపించింది సుబ్బారావుకి. అర్బాబ్ కేకలు వెయ్యలేదు.

“కాగితం కాలుతుంది. తల కాలదు. నీ భార్య ఇంటింటికీ తిరిగింది, ఆవిడకి గుర్తుంటాయి. తొమ్మిది ఓట్లతో ఓడిపోయాను. నాకు తొమ్మిది పేర్లు కావాలి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. సాయంత్రం నాలుగింటికి ఆఫీసు తెరిచేసరికి పేర్లయినా నా బల్ల మీద ఉండాలి, నీ వీసా రద్దు కాగితమైనా ఉంటుంది. యల్లా, వెళ్ళు.”

మెట్ల దగ్గర పోశన్న ఎదురొచ్చాడు. సుబ్బారావు ఆగాడు.

“పోశన్నా, నిన్న ఆయన అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన మాటల్లోనే.”

“దఫ్తర్ మాఫీ, వీసా మాఫీ అన్నడు సార్.”

“ఇక్కడ దఫ్తర్ అంటే నోటుబుక్కు. మాఫీ అంటే లేదు అని. నోటుబుక్కు లేకపోతే వీసా లేదన్నాడాయన.”

పోశన్న చాయ్ పళ్ళెం మెట్టు మీద దించాడు.

“మా దిక్కు దఫ్తర్ అంటే ఆఫీసే సార్. చాయ్ మాఫీ అంటే చాయ్ వద్దని ఎరుకే నాకు. గని గిది వీసా ముచ్చట, గింత పెద్దది. తప్పు జేసినోళ్ళకు మాఫీ అన్నడంటె ఇంకేమనుకుంటరు సార్ మనిషి?” కళ్ళు తుడుచుకున్నాడు. “నేను పోయి అర్బాబ్ కాల్మొక్కి చెప్త. తప్పు నాదని చెప్త.”

“వద్దు. నీ వీసా కూడా పోతుంది.”

సుబ్బారావుకి అతని మీద కోపం రాలేదు. తన మీద తనకే వచ్చింది. పద్నాలుగేళ్ళుగా రోజుకి వందసార్లు వింటున్న మాట, నిన్న సాయంత్రం ఒక్కసారి మాత్రం తనకి కావలసినట్టు విన్నాడు.

* * *

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. భానుమతి కంచం పెట్టింది. ఇద్దరూ కూర్చున్నారు గాని ఎవరూ తినలేదు.

“నీకు పేర్లు గుర్తున్నాయా?”

“అన్నీ గుర్తున్నాయి.”

“అయితే తొమ్మిది చెప్పు.”

“ఏ తొమ్మిది చెప్పమంటారు?”

“ఏవో ఒకటి. పోయినవాళ్ళవి చెప్పు. ఊళ్ళో లేనివాళ్ళవి చెప్పు.”

“ఓటర్ల జాబితా ఆయన దగ్గర కూడా ఉంది. లేనివాళ్ళని చెబితే గంటలో పట్టుకుంటాడు. ఉన్నవాళ్ళనే చెప్పాలి.”

“ఉన్నవాళ్ళనే చెప్పు మరి! వాళ్ళు మనకి చుట్టాలా, పక్కాలా? రేపు రోడ్డు మీద కనిపిస్తే నిన్ను గుర్తుపడతారా? వాళ్ళ మొగుళ్ళు రెండు రోజులు అరుస్తారు, మూడో రోజు మర్చిపోతారు. మన పిల్ల ఏడాది పోతుంది భానూ. పద్నాలుగేళ్ళు పోతాయి. వెనక్కి వెళ్ళి ఏ ఊళ్ళో దిగుదాం? ఏం చేసి బతుకుదాం?”

“మూడో వీధిలో ఒక పిల్ల ఉంది,” అంది భానుమతి. “పెళ్ళై ఆర్నెల్లు కాలేదు. మన ఇందూ కంటే రెండేళ్ళు పెద్దేమో. ‘నా భర్తకి తెలియకూడదు’ అని నా చెవిలో చెప్పింది. ఆ పిల్లకి టిక్కు పెట్టాను. ఆ పిల్ల పేరు చెప్పనా? రెండు రోజులు అరిచి ఊరుకుంటాడా వాడు? మీకు తెలుసా? నాకు తెలియదు.”

సుబ్బారావు కంచంలో అన్నం కెలికాడు.

“ఆ పిల్ల నిజంగా వేసిందో లేదో కూడా తెలియదు. నాతో అలా అనేసి, లోపల భయపడి అర్బాబ్‌కే వేసి ఉండచ్చు. వెయ్యని ఓటుకి పరువు పోగొట్టుకుంటుంది. అది నేను చెప్పలేనండీ.”

“నీకు మన పిల్ల కంటే వాళ్ళ పిల్ల ఎక్కువైందన్నమాట.”

“ఆ మాట అనకండి.”

“అంటాను. నువ్వు మీ నాన్న కూతురివి భానూ. ఆయన కూడా ఊరిని ఉద్ధరించడానికి పోయి ఇల్లు పట్టించుకోలేదు. నువ్వే చెప్పావు.”

ఇది కొట్టాల్సిన చోట కొట్టిన మాట. భానుమతి కంచం తీసి సింకులో పెట్టి, అటే తిరిగి నిలబడింది. గది తలుపు సందులోంచి ఇంద్రజ ఒకసారి తొంగి చూసింది. “చెబితే వాళ్ళనేం చేస్తారు?” అని అడిగింది. తల్లి కుళాయి తిప్పి కంచం కడగడం మొదలుపెట్టేసరికి మళ్ళీ లోపలికి వెళ్ళింది.

రెండున్నరకి తలుపు గంట మోగింది.

గుమ్మంలో నల్లటి అబాయాలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. లిఫ్టు లేని మేడ కావడంతో గోడకి చెయ్యి ఆన్చి ఊపిరి పీల్చుకుంటోంది. ముసుగు ఎత్తగానే భానుమతి గుర్తుపట్టింది. అర్బాబ్ భార్య, ఉమ్మ్ నాసర్, అంటే నాసర్ తల్లి. సుబ్బారావు గబగబా పడకగదిలోకి తప్పుకున్నాడు. పరాయి ఆడవాళ్ళు వచ్చినప్పుడు ఇంటి మగవాడు ఎదురుగా ఉండకూడదని అతనికి తెలుసు.

ఉమ్మ్ నాసర్ సగం అరబ్బీ, సగం హిందీ మాట్లాడుతుంది. భానుమతికి రెండూ అంతంతే వచ్చు. అయినా ఆ రోజు ఒక్క మాట కూడా పొల్లుపోలేదు.

“దఫ్తర్ ఏది?”

“కాల్చేశాను.”

“మంచి పని చేశావు. కాని ఆయన ఆగడు. నిన్న రాత్రి నుంచి మా వాళ్ళ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. తమ్ముళ్ళ భార్యల్ని, కోడళ్ళని, మేనకోడళ్ళని పిలిచి అడుగుతున్నాడు. మా పెద్ద కోడలు ఏడుస్తూ పుట్టింటికి పోయింది. నన్ను మాత్రం అడగలేదు.” ఆవిడ సోఫాలో కూర్చుంది. “నా పేరుకి ఏం పెట్టావు?”

భానుమతి తటపటాయించింది. “టిక్కు.”

ఉమ్మ్ నాసర్ నవ్వింది. “సరే. ఒక కాగితం తియ్యి. నా పేరు రాయి. జకియాకి వేసింది అని రాయి.”

“మీ ఇంట్లో గొడవవుతుంది.”

“ఏడుగురు పిల్లల్ని కన్నాను. నన్నేం చేస్తాడు? నెల్లాళ్ళు నాతో మాట్లాడడు. నాకదే పండగ. నా పేరు చూశాక మిగతా ఎనిమిదీ అడగడు. సొంత ఇంటిదే వెయ్యలేదని ఊరంతా చాటుకుంటాడా? నోరు మూసుకుంటాడు. ఆ పిల్లలు బతికిపోతారు. మీ పిల్ల కూడా పరీక్షలు రాసుకుంటుంది.”

భానుమతికి దారి దొరికిందనిపించింది. ఆ దారి మరీ సులువుగా ఉందని కూడా అనిపించింది.

“నిజంగా జకియాకే వేశారా?”

ఉమ్మ్ నాసర్ మొహంలో నవ్వు పోయింది.

“లోపలికెళ్ళాక ఎవరికి వేశారో మొగుడికి కూడా చెప్పక్కర్లేదని మా ఇంటి గుమ్మంలో నిలబడి చెప్పింది నువ్వే. ఇప్పుడు నువ్వే అడుగుతున్నావా? రాయి.”

భానుమతి సిగ్గుపడింది. ఇంద్రజ రఫ్ పుస్తకంలోంచి కాగితం చింపి, పెన్ను తీసుకుంది. పేరులో మొదటి అక్షరం పెట్టబోతుంటే పడకగది తలుపు అవతల నుంచి గొంతు వినిపించింది.

“భానూ, రాయకు.”

భానుమతి చెయ్యి ఆగిపోయింది. ఒంటిగంట నుంచి తొమ్మిది పేర్ల కోసం ప్రాణం తోడేసిన మనిషి అన్న మాట అది.

“రాయకు. నేనే తీసుకెళ్ళి ఇవ్వాలి, నేనే ఆయనకి చదివి చెప్పాలి. ఆయన భార్య పేరు ఆయన మొహం మీద నేను చదవలేను. వెళ్ళిపోదాం పద.”

“మీ ఆయన ఏమంటున్నాడు?” అంది ఉమ్మ్ నాసర్.

“రాయద్దంటున్నారు.”

“నా పేరు మా ఆయన సొత్తని మీ ఆయనకి ఎవరు చెప్పారు?” ఉమ్మ్ నాసర్ లేచి, భానుమతి చేతిలోంచి పెన్ను లాక్కుంది. “నువ్వు రాస్తే మీ భాష. అది మీ ఆయన చదవాలి, మా ఆయన నమ్మాలి. అంత తిప్పలెందుకు? నా చేతిరాత ఆయనకి తెలుసు.”

బల్ల మీద వంగి కుడివైపు నుంచి రెండు వరుసలు రాసింది. చదువు ఆలస్యంగా నేర్చుకున్నదానిలా అక్షరం అక్షరం గట్టిగా నొక్కి రాసింది. పెన్ను మూత పెట్టి, ముసుగు దించుకుని, టీ వద్దంటూ చెయ్యి ఊపి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సుబ్బారావు బయటికొచ్చాడు. కాగితం అటూ ఇటూ తిప్పాడు. డ్రాయింగుల మీద అంకెలు తప్ప అతనికి అరబ్బీ చదవడం రాదు. ఎనిమిదో తరగతి దాకా స్కూల్లో అరబ్బీ చదివిన ఇంద్రజని పిలిచారు. ఆ పిల్ల కాగితం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివింది.

“జకియా పేరు ఎక్కడా లేదు నాన్నా.”

“మరి ఏముంది?”

“‘నాసర్ తండ్రీ, ఎవరికి వేశావని అందరి ఆడవాళ్ళనీ అడుగుతున్నావు. ధైర్యముంటే నన్ను అడుగు.’ కింద సంతకం ఉంది.”

గోడ గడియారంలో మూడూ ఇరవై అయింది. సుబ్బారావు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

“ఇది తీసుకెళ్ళి ఆయన చేతిలో పెడితే ఏమవుతుంది?”

“పెట్టకపోతే ఏమవుతుందో తెలుసు,” అంది భానుమతి. “పెడితే ఏమవుతుందో తెలియదు.”

సుబ్బారావు కూతురివైపు చూశాడు. తర్వాత కాగితం జేబులో పెట్టుకుని, వంగి బూట్ల లేసులు కట్టుకోవడం మొదలుపెట్టాడు.